బొగ్గు మింగని మందు

మా ల్యాబులో కొత్త పిల్లలెవరైనా చేరితే మొదటిరోజు మూడు విషయాలు చెబుతారు. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో ఒకటి, కళ్ళలో యాసిడ్ పడితే ఏ నల్లా తిప్పాలో రెండు. మూడోది నేను. "మంజులక్క చేసినట్టు చేయకండి" అంటారట. ఏం చేసిందని వాళ్ళు అడగ్గానే టీలు తెప్పించుకుని మరీ మొదలుపెడతారట. వాళ్ళు చెప్పే కథలో నేను మరీ తెలివితక్కువదానిలా ఉన్నానని ఈమధ్య తెలిసింది. అంత తెలివితక్కువదాన్ని కాను, ఇంకాస్త ఎక్కువే. అందుకని నేనే చెబుతున్నాను.

ఇందులో పేలుడు లేదు, ఎవరికీ చెయ్యి కాలలేదు. ఒక ప్రకృతి నియమాన్ని కనిపెట్టి, దానికి నా పేరే పెట్టుకుని, నలుగురికీ చాటి, చివరికి ఒక శుక్రవారం పొద్దున దాన్ని పుక్కిలించి ఉమ్మేశాను. పుక్కిలించడం మాటవరసకి అనడం లేదు. నిజంగానే, చెంబుడు నీళ్ళతో.

ముందు నా పనేమిటో చెప్పాలి. మనం మింగే మాత్రలన్నీ ఒంట్లోనే ఉండిపోవు. కొంత బయటికి పోయి మోరీల్లో, మోరీల్లోంచి చెరువుల్లో, నదుల్లో కలుస్తుంది. ఆ మందుల్ని నీళ్ళలోంచి పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గుపొడి వాడతారు. మీ ఇంట్లో నీళ్ళ ఫిల్టర్ ఉంటే దాని కడుపులో ఉండే నల్లపొడి అదే. ఆ పొడిలో ఒక్కో రేణువుకీ లెక్కలేనన్ని సందులు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ సందుల్లో పిల్లలు గదులు వెతుక్కున్నట్టు మందు అణువులు ఆ సందుల్లోకి దూరి అక్కడే స్థిరపడిపోతాయి.

ఒక్క మందే ఉంటే లెక్క తేలిక. కానీ నీళ్ళలో ఒక్క మందే ఎందుకుంటుంది? మన జనం జ్వరానికొకటి, ఒళ్ళునొప్పులకొకటి కలిపే వేసుకుంటారు. జ్వరం మాత్ర పారాసెటమాల్, నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్ రెండూ ఒకే నీళ్ళలో ఉంటే బొగ్గు మీద చోటు కోసం తోసుకుంటాయి. ఎవరికెంత చోటు దొరుకుతుందో ముందుగానే చెప్పే సమీకరణాలు రాయడం నా పీహెచ్‌డీ. మిగిలిన నీళ్ళలో ఏ మందు ఎంత ఉందో కొలవడానికి మా దగ్గర ఒక యంత్రం ఉంది. నీళ్ళలోంచి కాంతిని పంపుతుంది. ఒక్కో మందు ఒక్కో రకం కాంతిని మింగుతుంది, ఎంత మింగితే అంత మందు ఉన్నట్టు. మింగింది ఆ మందేనా, మరేదైనానా అని మాత్రం అది అడగదు. మనం ఏం పోస్తే అదే నమ్ముతుంది, పాపం.

ఈ పనిలో నాకున్న అసలు జబ్బు కలలు. సమీకరణాల కంటే అణువుల్ని ఊహించుకోవడం నాకు ఎక్కువ ఇష్టం. కాలేజీ హయత్‌నగర్ దారిలో. సాయంత్రం బస్సులో ఎల్బీనగర్ వచ్చి, మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాలి. మూడంటే మూడు స్టేషన్లు. కిటికీ బయట ఎండ మెల్లగా నారింజరంగులోకి తిరుగుతుంటే, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు నాకు మనుషుల్లా కనిపించేవాళ్ళు కాదు. సంచి పట్టుకుని కూర్చున్న పెద్దావిడ డైక్లోఫెనాక్, ఆవిడ రాగానే సీటిచ్చి లేచిన సన్నటి అమ్మాయి పారాసెటమాల్. వాళ్ళిద్దరి మధ్య సమీకరణం ఎక్కడో తేలుతూ ఉండేది. తీరా కళ్ళు తెరిచి చూస్తే మూసారాంబాగ్ దాటిపోయేది. నెలలో పది రోజులైనా వెనక్కి తిరిగి మళ్ళీ మెట్రో ఎక్కేదాన్ని. ఆ దారి తప్పిన ప్రయాణాలంత హాయి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇలా కలలు కంటూ ఆరేళ్ళు గడిచాయి. యూనివర్సిటీవాళ్ళు గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి కుదరదన్నారు. ఆ మే నెలాఖరులోపు కమిటీ ముందు సెమినార్ ఇచ్చి వాళ్ళచేత సరే అనిపించుకోవాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళూ బూడిదలో పోసినట్టే. సెమినార్‌కి ఒక్క ప్రయోగాల వరస మిగిలింది. సరిగ్గా అప్పుడే ల్యాబులో ఓవెన్ చెడిపోయింది.

బొగ్గుకి గాలిలో తేమ పీల్చే గుణం ఉంది. వాడేముందు వేడిచేసి ఆరబెట్టాలి. ఓవెన్ లేకపోతే ఎట్లా? నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నేను కిరాయికి ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా మీది ఒంటిగదిలో. మే నెలలో ఆ డాబా మీద చెప్పులు లేకుండా నిలబడితే కాళ్ళు వేగిపోతాయి. మా గైడ్ సుభద్ర మేడంకి చెప్పకుండా, సీలు విప్పిన పాకెట్టులోంచి బొగ్గు ఇంటికి మోసుకొచ్చి, పళ్ళెంలో పరిచి పైన పల్చటి గుడ్డ కట్టి ఎండబెట్టాను. పక్కనే మా ఇంటి ఓనరు రాజ్యలక్ష్మి మామ్మగారి గుమ్మడి వడియాలు. నా పరిశోధన, ఆవిడ వడియాలు ఒకే సూర్యుడి కింద ఆరుతుంటే నాకు చాలా అందంగా అనిపించింది. ఎండిన పొడిని పాత కాఫీపొడి డబ్బాలో పోశాను. రేకుల గదిలో చోటు లేక ఆ డబ్బాని మెట్ల కింద గూట్లో, మామ్మగారి ఊరగాయ జాడీల పక్కన పెట్టాను. దానిమీద పేరు రాయలేదు. నాకు తెలుసు కదా అదేమిటో!

మామ్మగారిది గుంటూరు వైపు. ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డా యాస మాత్రం అక్కడే ఉంది. టూత్‌పేస్టు ఆవిడ గడప తొక్కలేదు. కొబ్బరిచిప్పలు కాల్చిన బొగ్గు, ఉప్పు, లవంగాలు, పటిక, కాస్త కర్పూరం దంచి పళ్ళపొడి తానే చేసుకుంటారు. ఆ వారం పళ్ళపొడి అయిపోయిందట. గూట్లో మెత్తటి నల్లపొడి కనిపించింది. ఈ పిల్ల కూడా మనలాంటిదే అని మురిసిపోయి కాస్త తీసుకున్నారు. సైదాబాద్ నుంచి చెల్లెలొస్తే ఆవిడకీ పొట్లం కట్టి ఇచ్చారు. డబ్బా అడుగు కనిపించాక, చేబదులు తీసుకున్న డబ్బా వెలితిగా తిరిగివ్వడం ఇంటికి మంచిది కాదని, తన కొత్త పళ్ళపొడి అంచు దాకా నింపి ఎక్కడిది అక్కడ పెట్టేశారు.

ఇదంతా ఆవిడ దొంగచాటుగా చేయలేదు. నాకు చెప్పారు. మెట్ల మీద ఎదురై, స్పష్టంగా, గుంటూరు కారమంత ఘాటైన గొంతుతో చెప్పారు.

"అమ్మాయ్, నీ నల్లపొడి వాడేసుకున్నాం. మళ్ళీ నిండా పోసి పెట్టాను, చూసుకో."

"ఊఁ, మామ్మా."

"నీది మరీ చప్పగా ఉందే. ఉప్పూ లేదు, లవంగమూ లేదు. నాది వేసుకుని చూడు."

"ఊఁ."

"ఉప్పెక్కువైతే చెప్పు, మళ్ళీసారి తగ్గిస్తాను."

"ఊఁ, ఊఁ."

చూశారా, మీరు విన్నారు. నేను వినలేదు. ఆ సమయంలో నేను ఆకాశంలో తేలుతున్న ఒక మబ్బుతునకని చూస్తూ, అది సరిగ్గా డైక్లోఫెనాక్ అణువు ఆకారంలో ఉందే అని మురిసిపోతున్నాను.

మర్నాడు ఆ డబ్బా ల్యాబుకి తీసుకెళ్ళి ప్రయోగం మొదలుపెట్టాను. నీళ్ళలో రెండు మందులు కలిపి, అందులో పొడి వేసి, గంటలతరబడి గిలకొట్టి, వడకట్టి యంత్రానికి ఇచ్చాను. పారాసెటమాల్ కొంచెం తగ్గింది. డైక్లోఫెనాక్ తగ్గలేదు. పెరిగింది! బొగ్గు వేయకముందు ఉన్నదానికంటే వేశాక ఎక్కువ. బిందెలోంచి చెంబుడు నీళ్ళు తోడితే బిందె ఇంకా నిండినట్టు.

బుద్ధున్న మనిషైతే ఎక్కడో ఏదో కల్తీ జరిగిందనుకుంటుంది. నేను కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుకున్నాను.

నా పక్క బల్ల మీద పనిచేసే శేఖర్ హయత్‌నగర్ పిల్లాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు.

"అక్కా, ఏందే గిది? లవంగాల వాసనొస్తుంది."

నాకు మూడు రోజులుగా జలుబు. పైగా మూతికి మాస్కు. "నీకు బిర్యానీ తప్ప ఇంకో ధ్యాస లేదురా. పొయ్యి తిని రా."

"నిజంగనే అక్కా. నీ గ్లాసులకెల్లే ఒస్తుంది."

"శేఖర్, డైక్లోఫెనాక్ ఎక్కువైంది చూసినవా?"

"ఎక్కువెట్లయితది? బొగ్గేమన్న మాత్రలు పెడుతుందా?"

"మాత్రలు పెడతలేదు. నీళ్ళు తాగుతుంది!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక దాని అందానికి నేనే ఆశ్చర్యపోయాను.

ఆ సాయంత్రం మెట్రోలో నా సిద్ధాంతం పూర్తయింది. పారాసెటమాల్ ముందుగా సీట్లన్నీ ఆక్రమిస్తుంది. మిగిలిన సందుల్లోకి నీళ్ళు దూరిపోతాయి. డైక్లోఫెనాక్ బయటే ఉండిపోతుంది. నీళ్ళు తగ్గి అది మిగిలేసరికి చిక్కబడినట్టు కనిపిస్తుంది. బొగ్గు మందుని వద్దని తోసేసి నీళ్ళని ఇష్టపడటం! కిటికీ బయట భవనాల మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, నాకు అవన్నీ సందుల్లో చేరిన నీటి అణువుల్లా కనిపించాయి. ఆ రోజు మూసారాంబాగ్ మాత్రమే కాదు, మలక్‌పేట కూడా దాటిపోయాను.

మన పెద్దలు ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. నేను ఇంకో ప్రయోగం కూడా చేయకుండానే నా నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో "మంజుల ప్రభావం" అని రాసుకున్నాను. కింద రెండు గీతలు కూడా కొట్టాను.

బాపుకి ఫోన్ చేశాను. మా బాపు పోచంపల్లి దగ్గర మగ్గం నేస్తారు. నూలుకి రంగులద్దడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. నేను చెప్పిందంతా విని, "గిందులో వింతేమున్నది బిడ్డా? నానబెట్టుడు ఎక్కువైతే నూలు నీళ్ళే తాగుతది, రంగు సరిగ తాగదు. మాకు ఎప్పటినుంచో తెలుసు" అన్నారు. ఇక చెప్పేదేముంది! నా సిద్ధాంతానికి తరతరాల మగ్గాల మద్దతు కూడా దొరికింది. బాపు ఆ సాయంత్రమే ఊళ్ళో పదిమందికి చెప్పేశారు: "మా మంజుల పేరుతోటి ఒక సూత్రం ఒచ్చింది."

సుభద్ర మేడం మాత్రం కాగితాలు చూసి కళ్ళజోడు తీశారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే చూడటం ఆపారని కాదు, చూడటం అప్పుడే మొదలుపెట్టారని.

"మంజులా, బ్లాంక్ వేశావా?"

బ్లాంక్ అంటే ఏమీ లేదు. మందులేవీ లేని ఉత్త నీళ్ళలో బొగ్గు వేసి, గిలకొట్టి, వడకట్టి చూడటం. బొగ్గులోంచే ఏదైనా నీళ్ళలోకి దిగుతోందేమో దానితో తేలిపోతుంది. అరగంట పని. ఎవరైనా మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటారు. నేను కిందటి సంవత్సరం వేశాను, ఆ పాకెట్టు సీలు కొత్తగా విప్పినప్పుడు. ఈ డబ్బా పొడికి వేయలేదు.

"వేశాను మేడం" అన్నాను.

అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం కూడా కాదని నాకు తెలుసు. అరగంట పోతుందని భయం కాదు, కల చెదురుతుందని భయం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళని చూసి నవ్వుతాం. నా కుందేలుకి నేను రెక్కలు కూడా కట్టాను.

"వేశావుగా?" అని ఇంకోసారి అడిగి, మేడం కళ్ళజోడు పెట్టుకున్నారు. సెమినార్ సారాంశంలో నా కొత్త ప్రభావం గురించి ఒక పేరా చేర్చి కమిటీకి పంపడానికి ఒప్పుకున్నారు. కమిటీలో బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఈ విషయంలోనే తల నెరిసిన మనిషి. "చాలా ఆసక్తిగా ఉంది, తప్పకుండా వస్తాను" అని జవాబు రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని నేను డాబా మీద నడుస్తూ ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. వాన మొదలయ్యే ముందు వచ్చే చల్లటి గాలి, కింద కోచింగ్ సెంటర్ల నుంచి గుంపులుగా వెళ్ళే పిల్లల మాటలు, దూరంగా మెట్రో గీత మీద పాకుతూ వెళ్ళే వెలుగు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మరి లేవు. అవి ఒక పళ్ళపొడి డబ్బా పెట్టిన భిక్ష అని అప్పటికి తెలియదు.

సెమినార్ సోమవారం. ముందు శుక్రవారం పొద్దున నా టూత్‌పేస్టు అయిపోయింది. ట్యూబు నొక్కి, చుట్టి, కత్తిరించి చూశాను, ఏమీ రాలేదు. బ్రష్షు పట్టుకుని కిందికి దిగితే మామ్మగారు పెరట్లో తులసికి నీళ్ళు పోస్తున్నారు.

"పేస్టు అయిపోయిందే? చెయ్యి పట్టు" అని అరచేతిలో పళ్ళపొడి పోశారు. వేలితో పళ్ళ మీద రాసుకున్నాను. ఉప్పగా, చల్లగా, ఘాటుగా. జలుబు వదిలి రెండు రోజులైంది. ముక్కు నిండా లవంగం.

"బాగుందా?" అన్నారు మామ్మగారు. "మొన్న నీ డబ్బాలో నింపింది కూడా ఇదే."

నా వేలు నోట్లోనే ఆగిపోయింది.

"ఏ డబ్బా?"

"మెట్ల కింద కాఫీపొడి డబ్బా. నీ నల్లపొడి మేం వాడేసుకున్నాంగా. దాని బదులు."

మీకు కూడా విషయం అర్థమై ఉంటుంది. లవంగాల్లో ఒక నూనె ఉంటుంది. అది మింగే కాంతి, డైక్లోఫెనాక్ మింగే కాంతి దాదాపు ఒకటే. మా అమాయకపు యంత్రానికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నేను కనిపెట్టిన ప్రకృతి నియమం ఏమిటంటే, నీళ్ళలో లవంగం వేస్తే నీళ్ళలో లవంగం ఉంటుంది.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నోటినిండా నల్లనురుగుతో ఆ పెద్దావిడ మీద అరిచాను.

"మీకెవరు తీయమన్నరు? అడగకుండ ఎట్ల తీస్తరు? గది నా ఆరేండ్ల చదువు మామ్మా! ఆరేండ్లు!"

మామ్మగారి చేతిలో చెంబు వంగి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ఆవిడ చూసుకోలేదు.

"అడిగానమ్మా. మెట్ల మీద చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు." గొంతు తగ్గించి అన్నారు, "చాలాసార్లు అన్నావు."

నాకు ఆ మబ్బుతునక గుర్తొచ్చింది. దాని వెనకాలే ఆవిడ మాటలు ఒక్కొక్కటే వినపడ్డాయి, ఇన్నాళ్ళూ గోడవతల ఆగి ఉన్నట్టు. నేను చెంబు అందుకుని, మళ్ళీ నింపుకుని, పుక్కిలించి ఉమ్మేశాను. పాలతో కడిగినా బొగ్గు నలుపు పోదంటారు, నీళ్ళతో ఏం పోతుంది? అలాగే మెట్రో ఎక్కేశాను. ఎదుటి సీట్లో పసిపాప నన్ను చూసి నవ్వితే పొరపాటున తిరిగి నవ్వాను. పాప ఏడుపు ఎల్బీనగర్ దాకా ఆగలేదు.

మేడం గదిలోకి వెళ్ళి నోరు తెరిచాను.

"ఏమిటే ఆ పళ్ళు?"

"మేడం, నా ప్రయోగం మేడం."

మొత్తం చెప్పాను. ఎండబెట్టడం, డబ్బా, వడియాలు, లవంగం, అన్నీ. ఆవిడ నవ్వుతారేమో, తిడతారేమో అని చూశాను. రెండూ చేయలేదు.

"బొగ్గు సంగతి సరే. నేను రెండుసార్లు అడిగాను. నువ్వు బ్లాంక్ వేశానన్నావు."

"కిందటేడు వేశాను మేడం. దీనికి వేయలేదు."

"ఆవిడ తీసుకున్నది తిరిగిచ్చింది, చెప్పి మరీ ఇచ్చింది. నువ్వు లేనిది ఉందని ఇచ్చావు నాకు. నేను దానిమీద సంతకం పెట్టి పంపాను."

ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, నల్లటి కన్నీళ్ళు రాలేదని మాత్రం సంతోషించాను. మేడం కాగితం రుమాలు తోసి, గడియారం చూశారు.

"సోమవారం పదిగంటలకి కమిటీ. నీ పాకెట్టు సీలు వేసి బీరువాలో పెట్టాను, ఇంకా సగం ఉంది. శనాదివారాలున్నాయి. వెళ్ళి ఓవెన్‌లో పెట్టు."

"ఓవెన్ చెడిపోయింది కదా మేడం?"

"బాగై పది రోజులైందే అమ్మాయి! నువ్వెక్కడున్నావు?"

నేనెక్కడున్నానో చెప్పడం కష్టం. మలక్‌పేట దాటి.

సాయంత్రం త్వరగా ఇంటికెళ్ళి మామ్మగారి తలుపు తట్టాను. అన్నం తినలేదట ఆవిడ. "సోమవారం నేనొస్తానమ్మాయ్. తప్పు నాదని పెద్దవాళ్ళకి చెబుతాను. వేలిముద్ర వేయమన్నా వేస్తాను" అన్నారు. నేను కాళ్ళకి దండం పెట్టాను. "మామ్మా, తప్పు నాది. నన్ను మాఫ్ చేయండ్రి. మీ పొడిలో ఏమేముందో జర రాసిస్తరా?" అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. ఎన్ని లవంగాలు, ఎంత ఉప్పు, ఎంత పటిక, కర్పూరం చిటికెడంటే ఏ రెండు వేళ్ళ చిటికెడు, అన్నీ క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చారు. నా ఆరేళ్ళ నోటుపుస్తకాల్లో అంత శుభ్రమైన పేజీ ఒక్కటీ లేదు.

శని, ఆదివారాలు శేఖర్, నేను ల్యాబులోనే. మొదట వేసింది బ్లాంక్. అసలు బొగ్గుకి ఒకటి, పళ్ళపొడికి ఒకటి. అసలు బొగ్గుతో నా పాత సమీకరణాలు చక్కగా, నీరసంగా, ఏ మాయా లేకుండా సరిపోయాయి. డైక్లోఫెనాక్ బుద్ధిగా తగ్గింది. దాన్ని చూసి నాకు దిగులేసిందంటే నమ్ముతారా? మంచి కల పోయింది కదా.

"అక్కా, నేను లవంగాలని ముందే చెప్పిన" అన్నాడు శేఖర్, యాభయ్యోసారి.

"బిర్యానీ తినిపిస్తలే, ఇగ ఊకో."

సోమవారం పదిగంటలు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ముందు వరసలో నా సారాంశం పట్టుకుని కూర్చున్నారు. నా ప్రభావం ఉన్న పేరా కింద ఎర్ర సిరాతో గీత. ఆ పేరా గురించి ఏమీ చెప్పకుండా, 'ఇంకా పరిశీలనలో ఉంది' అని దాటేయొచ్చు. ముందురోజు పడుకునేదాకా అదే ఆలోచించాను. మేడం వెనక వరసలో కూర్చుని కళ్ళజోడు తీశారు.

"సర్, మీరు గీత గీసిన ప్రభావం లేదు" అన్నాను. "అది లవంగం."

"ఏమిటి?"

"మా ఇంటి ఓనరుగారి పళ్ళపొడి సర్."

మొదటి బొమ్మగా క్యాలెండర్ కాగితాన్నే చూపించాను. రెండో బొమ్మ ఉత్త నీళ్ళలో ఆ పొడి. డైక్లోఫెనాక్ చుక్క కూడా లేని నీళ్ళలో డైక్లోఫెనాక్ కొండంత కనిపించింది. తర్వాత అసలు బొగ్గు, అసలు లెక్కలు చూపించాను. అన్నీ అయ్యాక పెద్దాయన అడిగారు, "నీకు ఈ సంగతి ఎట్లా తెలిసిందమ్మా?"

"పళ్ళు తోముకున్నా సర్."

వెనక శేఖర్ బల్ల కింద తల దాచుకున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వకుండా ఇంకో ప్రశ్న వేశారు. "చెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు సర్. మా మేడంకి ఒకసారి చేయని పని చేశానని చెప్పాను. రెండోసారి నోరు రాలేదు."

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. తలుపు అవతల మొదట ఏమీ వినపడలేదు. తర్వాత పెద్ద నవ్వు. అది నా చదువు ఉందని నవ్వో, పోయిందని నవ్వో తెలియక గోళ్ళు కొరుక్కున్నాను. చివరికి మేడం బయటికొచ్చి కాగితం నా చేతిలో పెట్టారు. కమిటీ నిర్ణయం: అభ్యర్థిని థీసిస్ సమర్పించడానికి అనుమతించడమైనది. దాని కింద పెద్దాయన తన చేత్తో ఒక షరతు చేర్చారు: ప్రతి అధ్యాయం మీద గైడు సంతకంతో పాటు ఇంటి ఓనరు సంతకం కూడా ఉండవలెను.

వేళాకోళమే, నాకు తెలుసు. మామ్మగారికి తెలియదు. కాగితం చదివి వినిపిస్తే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను తెచ్చుకుని, చాప మీద సర్దుకుని కూర్చున్నారు. నేను థీసిస్ మొదటి అధ్యాయం ఇచ్చి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

"అర్థం కాకుండా సంతకం పెట్టను. చెప్పు" అన్నారు.

అలా పదిహేను మధ్యాహ్నాలు చెప్పాను. ఐదో అధ్యాయంలో ఒక గీత దగ్గర వేలు పెట్టి, "ఇది ఇక్కడ వంగిందేం? ఉత్త నీళ్ళలో వేసి చూశావా?" అని అడిగారు. నేను చూడలేదు. ఆవిడ పెన్ను మూత పెట్టేశారు. నేను లేచి, చెప్పులు వేసుకుని, మళ్ళీ ల్యాబుకి వెళ్ళాను.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ప్రకృతి నా ఒక్కదాని కోసం కొత్త నియమమేదీ దాచిపెట్టలేదని నమ్ముతాను. ఒకవేళ దాచిపెట్టినా, ఉత్త నీళ్ళలో ముంచి చూడకుండా, రాజ్యలక్ష్మి మామ్మగారు సంతకం పెట్టకుండా, దానికి నా పేరు పెట్టను గాక పెట్టను.